రాత్రి చేలో కూసేది కీచురాయా, ఆకుమిడతా?

మా దేవరకొండ వైపు వానలు పడి కంది చేను ఏపుగా పెరిగిందంటే, పొద్దుగూకినంక గట్ల మీద ఒకటే మోత. మా ఊళ్లో అన్నిటినీ కీచురాళ్లే అంటారు. అందులో చెట్టు కీచురాయి వేరు, ఆకుమిడత వేరు. రెంటిలోనూ పచ్చనివి ఉంటాయి కాబట్టి రంగు చూసి తేల్చొద్దు. ముందు చెవి, ఆ తర్వాతే టార్చి.

చెట్టు కీచురాయి కూత పీక ఊదినట్టు ఒకే శ్రుతిలో సాగుతుంది. ఆకుమిడతల్లో ఎక్కువ వాటిది గరగరో, టిక్కుటిక్కో, శ్రుతి దొరకదు. ఫోన్‌లో స్పెక్ట్రోగ్రామ్ యాప్ (శబ్దాన్ని గీతల బొమ్మగా చూపేది) తెరిస్తే కీచురాయికి 3 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో సన్నటి గీత పడుతుంది, ఆకుమిడతకు వెడల్పాటి మసక. చాలా ఆకుమిడతల స్వరం బాగా పైన ఉంటుంది. వయసు మీదపడి పై స్వరాలు చెవికందని మా నాయనకు కీచురాయి వినిపిస్తుంది, ఆకుమిడత పక్కనే కూసినా వినిపించదు. చలికాలంలో కీచురాయి కూత నెమ్మదిస్తుంది, అది వేరే పురుగనుకోకండి.

దగ్గరికి పోగానే గప్‌చుప్ అవుతుంది. టార్చి ఆర్పేసి కదలకుండా నిలబడండి, మళ్లీ మొదలెడుతుంది. టార్చికి ఎర్ర జిలేటిన్ కాగితం చుడితే అంతగా బెదరవు.

కనబడ్డాక రెక్కలు చూడండి. చెట్టు కీచురాయి సన్నగా, పాలిపోయినట్టు ఉంటుంది. రెక్కలు వీపు మీద బల్లపరుపుగా, కుడిది పైన. ఆకుమిడత రెక్కలు రెండు పక్కలకూ వాలి ఉంటాయి, ఎడమది పైన. ఆడదానికి తోక దగ్గర గుడ్లు పెట్టే గొట్టం కీచురాయికి సూదిలా, ఆకుమిడతకు కత్తిలా ఉంటుంది. అది కుట్టదు, భయం లేదు.

ఆకు మధ్యలో రంధ్రం, అందులోంచి తల బయటపెట్టి కూసే పురుగు కనిపించిందా? ఇక అనుమానం అక్కర్లేదు, అది చెట్టు కీచురాయే. ఈకాంథస్ హెన్రీ అనే రకంలో మగది ఆకును కొరికి, రెక్కలను ఆకుకు ఆనించి కూస్తుంది. రెక్క ముందు వెనకల శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకోకుండా ఆకు అడ్డుపడుతుంది, మోత పెరుగుతుంది. బెంగళూరు భారత విజ్ఞాన సంస్థ వాళ్లు 2020లో తేల్చింది ఏమంటే, ఈ పని ఎక్కువగా చేసేవి చిన్నగా, గొంతు తక్కువగా ఉన్న మగవేనట. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు!

పట్టుకోవాలంటే పైనుంచి గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చండి. ఆకుమిడతను కాలు పట్టి లాగొద్దు. కాలు వదిలేసి పోతుంది, పెద్దదైతే కొరుకుతుంది కూడా.