రెసిన్ కాంపోజిట్ నింపిన పంటికి బలం నిలపడం ఎలా

పుచ్చిన భాగాన్ని తొలగించి రెసిన్ కాంపోజిట్ (కాంతితో గట్టిపడే, పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం) నింపినంత మాత్రాన పంటికి మునుపటి బలం తిరిగి రాదు. సహజ దంతం ఎంత మిగిలింది, నింపిన పదార్థం దానికి ఎంత గట్టిగా అతుక్కుంది అన్న రెండు విషయాలే ఆ బలాన్ని ప్రధానంగా నిర్ణయిస్తాయి. పాత పద్ధతి ఫిల్లింగ్ అయిన అమాల్గం (పాదరసం కలిసిన లోహ మిశ్రమం) పంటికి అతుక్కోదు కనుక, అది జారిపోకుండా ఆరోగ్యంగా ఉన్న భాగాన్ని కూడా కొంత చెక్కి గుంతకు ప్రత్యేకమైన ఆకారం ఇవ్వవలసి వచ్చేది. కాంపోజిట్‌కు ఆ అవసరం లేదు. అయినా పాత అలవాటు కొద్దీ అలాగే చెక్కేవారు ఇప్పటికీ ఉన్నారు. ముఖ్యంగా పక్క పంటిని ఆనుకొని, నమిలే ఉపరితలపు అంచున గట్టులా ఉండే మార్జినల్ రిడ్జ్‌లను వీలైనంత వరకు కాపాడాలి. చిన్న దవడ పళ్లపై (ప్రీమోలార్లపై) జరిపి 1989లో ప్రచురించిన ఒక ప్రయోగశాల పరిశోధనలో, రూట్ కెనాల్ కోసం తెరిచిన రంధ్రం వల్ల పంటి దృఢత్వం 5 శాతం మాత్రమే తగ్గగా, రెండు రిడ్జ్‌లూ పోయిన గుంత వల్ల 63 శాతం తగ్గింది.

గుంత సిద్ధమయ్యాక, లాలాజలం, రక్తం, ఊపిరిలోని తేమ తగలకుండా రబ్బర్ డ్యామ్ (పంటిని మాత్రమే బయటికి ఉంచే పలుచని రబ్బరు తెర) అమర్చడం ఉత్తమం. తరువాత 35 నుంచి 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని ముందుగా పంటి పైపొర అయిన ఎనామెల్‌పై పూసి, చివర్లో దాని లోపలి పొర అయిన డెంటిన్‌కు తాకించి, డెంటిన్‌పై 15 సెకన్లకు మించకుండా ఉంచి బాగా కడగాలి. డెంటిన్‌ను పూర్తిగా ఎండబెడితే అందులోని కొల్లాజెన్ (ప్రొటీన్) పోగులు కుంగిపోయి, ఫిల్లింగ్‌ను పంటికి అతికించే బాండింగ్ ద్రవం లోపలికి ఇంకదు. అలాగని నీరు నిలిచి ఉన్నా పట్టు సడలుతుంది. పూసిన బాండింగ్ ద్రవంలోని ద్రావకం ఆవిరయ్యేలా మెల్లగా గాలి ఊది, ఆ తరువాతే కాంతి ప్రసరింపజేయాలి.

గట్టిపడేటప్పుడు కాంపోజిట్ కుంచించుకుపోతుంది. నాలుగు గోడలూ అడుగూ అతుక్కొని, పైభాగం ఒక్కటే తెరిచి ఉన్న లోతైన గుంతలో ఈ సంకోచం వల్ల గోడలు లోపలికి లాగబడతాయి, లేదా అతుకు ఊడి సన్నని సందు ఏర్పడుతుంది. అందుకే సాధారణ కాంపోజిట్‌ను 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా, వీలైతే ఎదురెదురు గోడలను ఒకేసారి కలపకుండా ఏటవాలుగా పేర్చి, ఒక్కొక్క పొరనూ విడిగా గట్టిపరచాలి. చాలా కాంపోజిట్‌లలోని క్యాంఫర్‌క్వినోన్ అనే, కాంతితో గట్టిపడటాన్ని మొదలుపెట్టే పదార్థం సుమారు 470 నానోమీటర్ల నీలి కాంతికి స్పందిస్తుంది. లైటు కొనను పంటికి వీలైనంత దగ్గరగా, నిటారుగా పట్టుకోకపోతే అడుగు పొర మెత్తగానే మిగిలిపోతుంది. పైపొరను సూదిమొన పరికరమైన ప్రోబ్‌తో గీకి చూసి గట్టిగా ఉందని తృప్తిపడటం సరికాదు, ఎందుకంటే లోపలి స్థితి ఆ పరీక్షకు తెలియదు. పక్క గోడ కట్టిన చోట, అచ్చుగా పంటి చుట్టూ పెట్టిన మ్యాట్రిక్స్ బ్యాండ్ (పలుచని పట్టీ) తీసిన తరువాత బుగ్గ వైపు నుంచి, నాలుక వైపు నుంచి మరొకసారి కాంతి ఇవ్వాలి.

కస్ప్ (నమిలే పంటి పైనున్న మొన) అడుగున 2 మిల్లీమీటర్ల కన్నా పలుచబడినా, దాని మొదట్లో పగులు కనిపించినా, లోపల ఎంత జాగ్రత్తగా నింపినా ఆ పన్ను విరిగే ప్రమాదం మిగిలే ఉంటుంది. అటువంటి కస్ప్‌ను కొంత తగ్గించి పైనుంచి కప్పడమో, ఆ భాగానికి విడిగా తయారుచేసి అతికించే ఆన్‌లే లేదా క్రౌన్ (పంటి మొత్తాన్ని కప్పే తొడుగు) అమర్చడమో మంచిది. రూట్ కెనాల్ చేసి, రిడ్జ్‌లు కూడా పోయిన దవడ పళ్ల విషయంలో ఈ నిర్ణయాన్ని వాయిదా వేయకూడదు.

చివరగా రంగు కాగితంతో కాటు పరీక్షించి, ఫిల్లింగ్ అంచు మీదనే ఒత్తిడి పడుతున్నట్లయితే సరిచేసి పాలిష్ చేయాలి. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉన్నవారికి నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు తొడిగే రక్షణ కవచం) కూడా సూచించాలి.