మెషీన్ కంటే ముందు కాటా: రువాండా పద్ధతిలో కాఫీ వాషింగ్ స్టేషన్ పెట్టడం

1994 మారణహోమం తర్వాత దక్షిణ రువాండాలోని మరబా కొండల్లో, భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లూ, ఆ హత్యల కేసుల్లో జైలుకెళ్లినవాళ్ల భార్యలూ ఇరుగుపొరుగుగానే మిగిలారు. 1999లో పుట్టిన అబహుజముగంబి సహకార సంఘం వాళ్లను కాఫీ పంట దగ్గర కలిపింది. పొరుగువాడి మీద నమ్మకం చచ్చిన ఊళ్లో అలా రైతుల కాఫీ పండ్లు కొని, తొక్క తీసి, కడిగి ఆరబెట్టే వాషింగ్ స్టేషన్ పెట్టేవారు ముందుగా మంచి కాటా కొనండి.

దాని అంకెలు రైతు వైపు తిరిగి ఉండాలి. రోజూ పొద్దున్నే తెలిసిన బరువు పెట్టి సరిచూడాలి. తరుగు పేరుతో ఒక్క కిలో కూడా కొట్టేయొద్దు. చీటీ మీద పేరు, రైతు ఉండే కొండ, కిలోలు, ధర చాలు. తెగ పేరు రాసే గడి వద్దు, రువాండా గుర్తింపు కార్డుల నుంచే దాన్ని తీసేశారు. అందరికీ ఒకటే వరుస. సయోధ్య ఉపన్యాసాలు ఇక్కడ పెట్టకండి, జనం వచ్చేది పండ్లు అమ్ముకోవడానికి.

ఎర్రగా పండినవే తీసుకోండి. నీళ్లలో పోసి, తేలినవి వేరు చేయండి. కోసిన రోజే పల్పర్‌లో తొక్క తీయాలి, రాత్రంతా కుప్పగా ఉంటే పండ్లు వేడెక్కి పుల్లటి కంపు పడుతుంది. తొట్టిలో 12 నుంచి 18 గంటలు పులియనివ్వండి. గింజలు చేతిలో రుద్దితే జిగురు పోయి గరగరలాడాలి, అప్పుడు కడగాలి. కడిగిన నీళ్లు వాగులోకి వదలకుండా గుంటకు మళ్లించండి.

తడిగా ఉండగానే, నీడలో జల్లెడ బల్లల మీద ఏరాలి. పురుగు కుట్టిన మచ్చ తడిలోనే బాగా కనిపిస్తుంది. ఆంటెస్టియా నల్లి కుట్టిన గింజ ఒక్కటి కలిసినా కప్పు మొత్తం పచ్చి బంగాళాదుంప వాసన కొడుతుంది. రువాండా ఉన్న ఆఫ్రికా మహా సరస్సుల ప్రాంతపు పెద్ద బెడద ఇదే. తర్వాత పలచగా పరిచి, తరచూ తిప్పుతూ, మిట్టమధ్యాహ్నపు ఎండకీ వానకీ కప్పుతూ దాదాపు రెండు వారాలు ఆరబెట్టాలి. తేమ 11–12 శాతానికి దిగాలి.

100 కిలోల పండ్లకు సుమారు 20 కిలోల ఎండు పార్చ్‌మెంట్, అంటే పలుచటి పొట్టుతో ఉన్న గింజలు, వస్తుంది. ఈ లెక్క ప్రతి సభ్యుడికీ నేర్పండి. గోదాములో సరుకు తగ్గితే ఎవరైనా నిలదీయగలగాలి. మళ్లీ పాత గాయం రేగేది ఇలాంటి అనుమానంతోనే.

చాలా స్టేషన్లను ముంచేది చేతిలో నగదు లేకపోవడం. కోత మార్చిలో మొదలవుతుంది, ఎగుమతి డబ్బు రావడానికి నెలలు పడుతుంది. మధ్యలో చెల్లింపు ఆగితే రైతులు దళారి దగ్గరికి వెళ్లిపోతారు. అందుకే సీజన్ మొత్తానికి సరిపడా అప్పు ముందే మాట్లాడుకోండి, దొరికిన సొమ్ముకు తగ్గట్టే పండ్లు కొనండి. సరుకు అమ్ముడయ్యాక అప్పు, ఖర్చులు పోగా మిగిలింది కిలోల చొప్పున రెండో విడతగా పంచండి. ఆ లెక్కను రువాండా జనం భాష కిన్యర్వాండాలో పైకి చదవండి, చదువురాని సభ్యురాలు మధ్యలో ఆపి అడగగలిగేంత నెమ్మదిగా.