ట్రాఫిక్‌లో సైకిల్ తొక్కడం ఎలా? పక్కకు జరిగే ముందు వెనక్కి చూడటం నేర్చుకోండి

సైకిల్ తొక్కడం వచ్చిన ప్రతివాళ్లకీ రోడ్డు మీద తొక్కడం వచ్చినట్టు కాదు. బ్యాలెన్సు కుదిరింది కదా అని రోడ్డెక్కుతారు. ముందు ఆగి ఉన్న కారు కనపడగానే వెనక ఎవరొస్తున్నారో చూడకుండా కుడికి కొట్టేస్తారు. వెనకొచ్చే బస్సు సడన్ బ్రేకు వేసిందా, బతికిపోయారు. దీన్ని ఇంకా చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. వాహనాలు ఎడమ పక్కన నడిచే పద్ధతి ప్రకారం చెబుతున్నాను. కుడి పక్కన నడిచే దేశంలో ఉన్నవాళ్లు దిశలు మార్చుకుని చదువుకోండి.

బయల్దేరే ముందు

టైర్లలో గాలి, రెండు బ్రేకులు, చైను చూసుకోండి. ఒక్క నిమిషం పని. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, మోగే బెల్లు ఉండాలి. లైట్లు పగలు కూడా వేసుకోండి. హెల్మెట్ అంచు కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన ఉండాలి, నెత్తి వెనక్కి జారిన హెల్మెట్ నుదుటిని కాపాడదు. ఇయర్‌ఫోన్లు వద్దు. ఒక చెవికే పెట్టుకున్నాం అనేవాళ్లకూ ఇదే మాట.

ముందు బ్రేకు పడితే బోర్లా పడతామని చాలామంది దాన్ని ముట్టుకోరు. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదకి వస్తుంది కాబట్టి సైకిల్‌ని ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకుకే ఉంటుంది. రెండూ కలిపి, ఒక్కసారిగా కాకుండా బిగిస్తూ పట్టండి. ఒంటిని కాస్త వెనక్కి పెట్టండి.

రోడ్డు మీద ఎక్కడ తొక్కాలి

అంచుకు అతుక్కుని పోతే క్షేమం అనుకోవడం పెద్ద పొరపాటు. ఇసుక, గాజు పెంకులు, మురుగు జాలీలు ఉండేది అక్కడే. పైగా మీరు ఎంత అంచుకు పోతే వెనకవాళ్లు అంత దగ్గరగా రాసుకుంటూ దాటుతారు, చోటు ఉందనుకుంటారు కాబట్టి. అంచు నుంచి కనీసం అర మీటరు వదలండి. ఆగి ఉన్న కార్ల పక్క నుంచి పోతున్నప్పుడు ఒక తలుపు తెరుచుకునేంత దూరం, అంటే కనీసం ఒక మీటరు వదలండి. 2022 జనవరిలో సవరించిన బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ కూడా ఈ లెక్కే చెబుతుంది. జర్మనీలో 2020 నుంచి ఊళ్లో సైకిల్‌ని దాటే మోటారు వాహనం మీటరున్నర వదలాలని చట్టమే ఉంది. కారు మిమ్మల్ని దాటి వెళ్లడానికి చాలనంత ఇరుకు రోడ్డయితే లేన్ మధ్యలోకి రండి. వెనకవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి. హారన్ కొడుతున్నారంటే మిమ్మల్ని చూశారని అర్థం. వీలైన చోట పక్కకు తప్పుకుని సైడ్ ఇవ్వండి.

అసలు కష్టమైన పని: వెనక్కి చూసి కుడికి జరగడం

ఆగి ఉన్న వాహనాన్ని తప్పించాలన్నా, గుంత దాటాలన్నా, కుడికి తిరగాలన్నా మీరు వెనకొచ్చే వాళ్ల దారిలోకి జరగాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 14 మీటర్లు వచ్చేస్తుంది. మీరు 18 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అదే సెకనులో కదిలేది 5 మీటర్లు. చెవికి శబ్దం వినపడటం లేదంటే వెనక ఎవరూ లేనట్టు కాదు, ఎలక్ట్రిక్ బండ్లు చప్పుడు లేకుండానే వస్తాయి. కళ్లతో చూడాల్సిందే.

చిక్కేమిటంటే, తల ఎటు తిరిగితే భుజం అటు వెళ్తుంది, భుజం వెంట హ్యాండిల్ వెళ్తుంది. కుడికి చూడబోయి చూపు పూర్తికాకముందే కారు ముందుకు జరిగిపోతారు. చూడటం కోసం చేసిన పనే ప్రమాదం అవుతుంది. అందుకే దీన్ని రోడ్డు మీద నేర్చుకోకూడదు. ఖాళీ మైదానంలో సుద్దతో పొడుగ్గా ఒక గీత గీయండి. గీత మీద తొక్కుతూ కుడి భుజం మీదుగా వెనక్కి చూడండి. మోచేతులు బిగబట్టొద్దు. ఎడమ చేతి పట్టు నెమ్మదిగా ఉంచి కుడి చెయ్యి తీసి తొడ మీద పెట్టుకుంటే నడుము పైభాగం హాయిగా తిరుగుతుంది, హ్యాండిల్ కదలదు. గడ్డం భుజానికి తగిలేదాకా తిప్పాలి, ఓరకంట చూస్తే చాలదు. వెనక ఒకరిని నిలబెట్టి వేళ్లు చూపించమనండి. ఎన్ని వేళ్లో సరిగ్గా చెప్పాలి, చక్రం గీత దాటకూడదు. ఈ రెండూ ప్రతిసారీ కుదిరేదాకా ట్రాఫిక్‌లోకి రావద్దు.

రోడ్డు మీద చేసేటప్పుడు మొదలుపెట్టాల్సింది అడ్డం వచ్చాక కాదు, కనపడగానే, కనీసం 30 మీటర్ల ముందే. మొదటి చూపు చోటు ఉందో లేదో తెలుసుకోవడానికి. చోటు ఉంటే కుడి చెయ్యి భుజం ఎత్తున పూర్తిగా చాచి చూపించండి. వేళ్లు మాత్రమే ఊపితే ఎవరికీ అర్థం కాదు. వెనకవాళ్లు చూసుకునేంత సేపు ఉంచి, చెయ్యి మళ్లీ హ్యాండిల్ మీదకి తెండి. ఇప్పుడు రెండోసారి చూడండి.

ఈ రెండో చూపునే అందరూ ఎగ్గొడతారు. ఇందాక చూశాం కదా అంటారు. ఆ రెండు మూడు సెకన్లలో ఒక మోటారుసైకిల్ కారు వెనక నుంచి బయటికొచ్చి మీ పక్కకు చేరిపోవచ్చు. చెయ్యి చూపించడం మీరు అడగడం మాత్రమే, అవతలివాళ్లు ఇచ్చారో లేదో తెలిసేది రెండో చూపులోనే. వెనక బండి వేగం తగ్గితే, డ్రైవరు మీ వైపు చూస్తుంటే, అప్పుడు ఏటవాలుగా, నిదానంగా జరగండి. ఇవ్వలేదా, బ్రేకు వేసి ఆగి ఉన్న కారు వెనకే నిలబడండి. కారుకీ ట్రాఫిక్‌కీ మధ్య సందులో దూరిపోవడం మాత్రం ఎప్పటికీ వద్దు. సరిగ్గా అక్కడే తలుపు తెరుచుకుంటుంది.

వరసగా కార్లు ఆగి ఉన్నప్పుడు మధ్య ఖాళీల్లోకి దూరి మళ్లీ బయటికి రావడం ఇంకో చెడ్డ అలవాటు. వెనకవాళ్లకు మీరు మాయమై మళ్లీ ఊడిపడతారు. ఒక్కసారి బయటికి వచ్చాక వరస అయ్యేదాకా ఒకే గీతలో పోండి.

అద్దం బిగించుకుంటే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. అద్దంలో వెనకున్నది మీకు తెలుస్తుందేమో గానీ మీరు చూశారన్న సంగతి డ్రైవరుకి తెలియదు. తల తిరగడం దూరం నుంచే కనపడుతుంది, ఆ మొహం చూసి కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేవాళ్లు చాలామంది. నా దృష్టిలో సైకిల్‌కి అద్దం అక్కర్లేదు, మెడ తిరిగితే చాలు.

పెద్ద కూడలిలో కుడికి తిరగడానికి ఇన్ని లేన్లు దాటలేమనిపిస్తే దాటొద్దు. సిగ్నల్ మీద నేరుగా అవతలికి వెళ్లి, మూలలో ఆగి, సైకిల్ తిప్పుకుని, రెండో సిగ్నల్‌తో వెళ్లండి. డెన్మార్క్‌లో సైకిళ్లకు ఎదురు ట్రాఫిక్‌కి అడ్డంగా తిరిగే పెద్ద మలుపు ఇలా రెండు విడతల్లో తీసుకోవడమే నియమం.

లారీలు, బస్సులు

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న లారీకి ఎడమ పక్క నుంచి ముందుకు పోవద్దు. ఎంత ఖాళీ ఉన్నా వద్దు. పొడుగు బండి ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ ఖాళీ కళ్లముందే మూసుకుపోతుంది, పక్కన గోడో రెయిలింగో ఉంటే తప్పుకోవడానికి చోటుండదు. లారీ అద్దంలో డ్రైవరు మొహం మీకు కనపడకపోతే మీరూ అతనికి కనపడరు. వెనకే ఆగండి.

వాన

చక్రం అంచుని నొక్కి ఆపే రిమ్ము బ్రేకులు తడిస్తే ఆలస్యంగా పట్టుకుంటాయి. ముందుగానే కాస్త నొక్కి నీళ్లు తుడుచుకోనివ్వండి. మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీద పెయింటు గీతలు జారుతాయి, వాటి మీద తిరగొద్దు, బ్రేకూ వద్దు.

నడిచేవాళ్లతో

కార్లవాళ్లు మనల్ని ఎలా చూడాలని కోరుకుంటామో అలా నడిచేవాళ్లని మనం చూడాలి. ఫుట్‌పాత్ వాళ్లది. దాని మీదకి ఎక్కాల్సి వస్తే దిగి నడిపించుకు వెళ్లండి. వాళ్ల మీదకి వచ్చేశాక బెల్లు కొడితే ఉలిక్కిపడి ఎటు దూకుతారో తెలియదు. దూరం నుంచే ఒక్కసారి కొట్టి, వేగం తగ్గించి, వాళ్లు ఎటు తప్పుకుంటారో చూసి రెండో వైపు నుంచి పోండి. రోడ్డు దాటుతున్న మనిషికి ముందు నుంచి కట్ కొట్టకండి, వెనక నుంచి పోండి. జీబ్రా గీతల దగ్గర కాలు నేల మీద పెట్టి పూర్తిగా ఆగండి. పెద్దవాళ్లు, పిల్లల చెయ్యి పట్టుకున్నవాళ్లు అవతలి అంచు ఎక్కేదాకా పెడల్ మీద కాలు వేయొద్దు.