నిమ్మకాయల కుళ్లు ఆపడం, 3వ పాఠం: గాయాలు, బూజు, సోడా నీళ్లు

పోయిన పాఠంలో తొడిమ కాడ మొదలయ్యే కుళ్లు చూశాం, ఇవాళ బూజు. మన గూడూరు, పొదలకూరు కాయ లారీ ఎక్కి ఢిల్లీ దాకా పోద్ది కాబట్టి ఇది బాగా తెలిసుండాలి.

ముందు తొక్క మీద మెత్తటి మచ్చ వస్తుంది, నొక్కితే లోపలికి పోద్ది, తర్వాత తెల్ల బూజు, దాని మధ్యలో ఆకుపచ్చ పొడి. ఇది పచ్చ బూజు, పెనిసిలియం డిజిటాటం. పొడి నీలంగా ఉంటే పెనిసిలియం ఇటాలికం, అది గాయం లేని పక్క కాయకి కూడా పాకుద్ది, కోల్డ్ స్టోరేజీ చలిని కూడా బాగానే తట్టుకుంటది.

పచ్చ బూజు మాత్రం గాయం లేకుండా కాయలోకి పోలేదు. అసలు పాఠమంతా ఇక్కడే ఉంది. దోటితో లాగితే కింద పడ్డ కాయ, ముల్లు గీరుకున్న కాయ, తొడిమ ఊడొచ్చిన కాయ, ఇవన్నీ మంచి కాయల్లో కలపబాకండి, పైకి బాగానే ఉన్నా సరే వేరే బుట్టలో వేసి ముందు అమ్మేయండి. మంచు తడి ఆరకముందే కోస్తే తొక్కలో నూనె తిత్తులు ఇట్టే చిట్లుతాయి, కొంచెం పొద్దెక్కనివ్వండి. కూలి వాళ్లకి గోళ్లు తీసుకోమని చెప్పడం చిన్న విషయం కాదు, నేనైతే మందు కంటే ముందు అదే చెప్తా.

ఇంక సోడా. 100 లీటర్ల నీళ్లకి 3 కిలోల తినేసోడా కలిపి, కాయల్ని రెండు మూడు నిమిషాలు ముంచి, నీడలో ఆరబెట్టాలి. కోసిన 24 గంటల్లోపే చెయ్యాలి, ఎందుకంటే సోడా బూజు విత్తనాన్ని మొలవనీకుండా ఆపుద్దే గానీ లోపలికి దిగిపోయిన బూజుని ఏం చెయ్యలేదు, ముంచినాక మళ్లీ కొత్త గాయమైతే దానికీ కాపలా ఉండదు. నీళ్లు మురికైతే మార్చేయండి.

కుళ్లిన కాయని విదిలించబాకండి, ఆ పొడి షెడ్డంతా లేస్తుంది. మెల్లగా కవర్లో వేసి, మూతి కట్టి, దూరంగా పూడ్చండి, క్రేట్లు బ్లీచింగ్ నీళ్లతో కడగండి.

ఈ వారం పని: 20 కాయలకి సూదితో గుచ్చి, ఆ గాయాలకి పచ్చ పొడి కొంచెం రుద్ది, సాయంత్రానికి పదింటిని సోడా నీళ్లలో, పదింటిని ఉత్త నీళ్లలో ముంచి, ఆరినాక షెడ్డుకి దూరంగా రెండు డబ్బాల్లో పెట్టండి. రోజూ ఎన్ని కుళ్లినాయో రాసుకోండి, వచ్చే పాఠం వేడి నీళ్లది, ఈ లెక్క పక్కన పెట్టుకునే అది చూద్దాం.