వేలెడంత కూడా లేని యోధుడికి రంగులు, వాడి వెనక శేషాచలం లాంటి కొండ

ఫాంటసీ గేముల్లో వాడే చిన్న చిన్న యోధుల బొమ్మలకు, అదే మినియేచర్లకు, రంగులేయాలనుకుంటే ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోండి: బొమ్మ చిన్నదయ్యేకొద్దీ నీడ మాయమవుతుంది. ఆరడుగుల మనిషి ఎండలో నిలబడితే ముక్కు కింద, గడ్డం కింద, పంచె మడతల్లో నీడ దానంతట అదే పడుతుంది. అదే 28 నుంచి 32 మిల్లీమీటర్ల ఎత్తుండే బొమ్మలో ఆ మడతల లోతు ఎంతని, ట్యూబ్‌లైటు వెలుగు అన్ని వైపులా సమానంగా పడిపోయి, ఎంత మంచి రంగు వేసినా చప్పగా ప్లాస్టిక్ లాగానే కనిపిస్తుంది. కాబట్టి నీడ మనమే వేయాలి, వెలుగూ మనమే వేయాలి. బొమ్మకైనా, దాని వెనక నిలబెట్టే కొండకైనా కింద చెప్పేదంతా ఈ ఒక్క పని కోసమే.

సామాను గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. ఈ హాబీలో అందరికీ తెలిసిన గేమ్ పేరు వార్‌హామర్. దాన్ని తీసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌ది. వాళ్ళ సిటడెల్ రంగులు, స్పెయిన్ నుంచి వచ్చే వల్లెహో రంగులు నిజంగానే బాగుంటాయి, రంగుపొడి చాలా మెత్తగా ఉంటుంది కాబట్టి పల్చగా కలిపినా బాగా పడతాయి. కానీ మొదటి రోజే పెట్టె నిండా కొనక్కర్లేదు. తిరుపతిలో గాంధీ రోడ్డు చుట్టుపక్కల స్టేషనరీ, హార్డ్‌వేర్ షాపులు తిరిగితే క్యామెల్, ఫెవిక్రిల్ ఆక్రిలిక్ రంగులు, ఫెవికాల్, ఎం-సీల్, కట్టర్, బ్రష్షులు, థర్మోకోల్ అన్నీ సమకూరుతాయి. కొండలకు, గోడలకు ఈ రంగులు చాలు. బొమ్మ ముఖానికి మాత్రం కాస్త ముతకగా అనిపిస్తాయి, అందుకని ఆన్‌లైన్‌లో ఒక మంచి తెలుపు, ఒక చర్మపు రంగు, ఒక గోధుమరంగు వాష్ (నీడ కోసం వేసే నీళ్ళలాంటి రంగు, కింద చెప్తాను) తెప్పించుకుంటే సరిపోతుంది. బొమ్మలు కూడా ఆన్‌లైన్‌లోనే, లేదంటే తెలిసినవాళ్ళ దగ్గర రెజిన్ 3డీ ప్రింటర్ ఉంటే ఫైలు పంపి తీయించుకోవచ్చు.

బ్రష్షు విషయంలో చాలామంది సున్నా సున్నా సున్నా సైజు కొంటారు, అంత సన్నగా ఉంటే కళ్ళు బాగా వేయొచ్చని. నేనైతే వద్దంటాను. అంత చిన్న బ్రష్షులో రంగు నిలవదు, బొమ్మ దాకా వెళ్ళేలోపే మొన దగ్గర ఎండిపోతుంది, అందులోనూ మన ఎండల్లో. మొన చక్కగా కూడే 1 లేదా 2 సైజు రౌండ్ బ్రష్షు తీసుకోండి. సన్నగా గీసేది మొన, లావు కాదు.

కొత్త బొమ్మ మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. సబ్బునీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది ఆరబెట్టాలి. రెండు అచ్చులు కలిసిన చోట సన్నటి గీత కనిపిస్తుంది, దాన్ని కట్టర్ బ్లేడును వెనక్కి లాగుతూ గీకేయండి. వదిలేస్తే తర్వాత ఏ రంగు వేసినా ఆ గీతే ముందు కంటికి కొడుతుంది. రెజిన్ బొమ్మనైతే సాండ్ పేపరుతో తడిగానే అరగదీయండి, మాస్కు పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తర్వాత బొమ్మను డబుల్ టేపుతో ఏదైనా సీసా మూత మీద అంటించి, ఇక చివరి దాకా ఆ మూతనే పట్టుకోండి.

రంగు బాగా పట్టడానికి అన్నిటికన్నా ముందు వేసే పూత ప్రైమర్. దాని దగ్గర మన వాతావరణం అడ్డొస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో గాలిలో తేమ ఎక్కువుంటే స్ప్రే తెల్లగా బూడిద పూసినట్టు ఆరుతుంది, మే నెల మధ్యాహ్నం కొడితే రంగు గాలిలోనే ఆరిపోయి బొమ్మ మీద ఇసకలా పడుతుంది. వాన లేని రోజు పొద్దున్నే మేడ మీద, 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి, ఆగకుండా చేయి కదుపుతూ సన్నటి పొరలు కొట్టండి. మెత్తటి పీవీసీ బొమ్మల మీద కొన్ని స్ప్రేలు ఎన్నాళ్ళకీ జిగట వదలవు, వాటికి బ్రష్షుతో పూసే ఆక్రిలిక్ ప్రైమరే మేలు. నాకు బాగా నచ్చిన పద్ధతి: మొత్తం నల్ల ప్రైమర్ కొట్టి, ఆరాక తలపైనుంచి మాత్రమే తెలుపు కొట్టడం. నడినెత్తిన సూర్యుడుంటే వెలుగు ఎక్కడ పడుతుందో, నీడ ఎక్కడ నిలుస్తుందో బొమ్మ మీద అప్పుడే స్పష్టంగా కనిపిస్తుంది, ఆ తర్వాత పల్చటి రంగులు వేస్తే సగం పని అయిపోయినట్టే.

రంగు ఎప్పుడూ పల్చటి మజ్జిగలా ఉండాలి. సీసాలోంచి తీసింది తీసినట్టు పూస్తే ముక్కూ మూతీ పూడిపోతాయి. మొదటి పొర మచ్చలు మచ్చలుగా, అడుగు కనిపిస్తూ ఉంటుంది, కంగారు పడొద్దు, పూర్తిగా ఆరనిచ్చి రెండో పొర వేయండి. ఫ్యాను కింద కూర్చుంటే ప్లేటులో రంగు నిమిషాల్లో గడ్డకడుతుంది కాబట్టి ఒక టిఫిన్ డబ్బా మూతలో తడి స్పాంజి పరిచి, దాని మీద బేకింగ్‌కి వాడే కాగితం వేసి, రంగులు ఆ కాగితం మీద కలుపుకోండి. మూత బిగిస్తే మర్నాటికి కూడా పనికొస్తాయి.

ఇక వాష్. వాష్ అంటే బాగా నీళ్ళగా ఉండే ముదురు రంగు, ఎత్తుల మీదనుంచి జారి పల్లాల్లో నిలుస్తుంది. ఎర్ర అంగీ వేసుకున్న యోధుణ్ణి తీసుకుందాం. ఎరుపు రెండు పొరలు ఆరాక బ్రష్షు నిండా గోధుమరంగు వాష్ తీసుకుని భుజం దగ్గర ఆనించండి, మడతల వెంట తనే కిందికి పారుతుంది. మెడ చుట్టూ, బెల్టు కింద, మడత మూలల్లో నల్లగా చేరుతుంది, అక్కడే మనకు కావాల్సిన నీడ. అయితే అంగీ అంచున చుక్కలా నిలిచినచోట అలాగే ఎండితే చుట్టూ మరక పడుతుంది, అందుకని వేరే బ్రష్షును కడిగి, గుడ్డకు అద్ది, ఆ తడి మొనతో ఎక్కువైంది పీల్చేయండి. ఆరడానికి అరగంట పైనే ఇవ్వండి. ఆ తర్వాత మళ్ళీ మొదటి ఎరుపునే మడతల ఎత్తుల మీద మాత్రమే వేసి, చివరికి ఎరుపులో కొంచెం నారింజ కలిపి భుజం పైన, మోకాలి దగ్గర, అంగీ అంచున సన్నటి గీతలు. ఎరుపులో తెలుపు కలపొద్దు, గులాబీ రంగైపోతుంది.

కళ్ళు అన్నిటికన్నా ముందు వేసేయడం మంచిది. కంటి గుంటలో ముదురు గోధుమ, దాని మీద అడ్డంగా తెల్లటి గీత, మధ్యలో నల్లచుక్క. కాస్త పక్కకు పోయినా పర్వాలేదు, చర్మపు రంగుతో చుట్టూ సర్దుకోవచ్చు.

ఏ రంగులు వేయాలో తోచకపోతే మన తిరుపతి గంగజాతర వేషాలు గుర్తు తెచ్చుకోండి. బైరాగి వేషంలో ఒళ్ళంతా తెలుపు, బండ వేషంలో కుంకుమ ఎరుపు, తోటి వేషంలో బొగ్గు నలుపు. ఒక్కో వేషానికి ఒక్కటే పెద్ద రంగు, అందుకే అంత జనంలో కూడా దూరం నుంచే తెలిసిపోతుంది. బొమ్మలకూ అదే సూత్రం, ఒక దళానికి ఒక ముఖ్యమైన రంగు పెట్టండి, మిగతావి తోడుగా ఉండనివ్వండి. ఎర్రటి ఒంటిమీద వేపమండల ఆకుపచ్చ ఉన్న రాక్షస దళం బల్లమీద ఎంత బాగుంటుందో వేసి చూడండి.

బొమ్మలు నిలబడే నేల, కొండల దగ్గర నాకు ఉత్సాహం ఇంకా ఎక్కువ, ఎందుకంటే మనకు మోడల్ ఎదురుగానే ఉంది. ఈ సైజు బొమ్మల లోకం నిజం లోకంలో సుమారు 60వ వంతు. తిరుమల మీద శిలాతోరణం వెడల్పు దాదాపు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, 60తో భాగిస్తే 13 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు. బొమ్మలు కిందనుంచి నడిచి వెళ్ళడానికి సరిగ్గా సరిపోయే తోరణం. యథాతథంగా దాన్నే చేసి రాక్షసుల యుద్ధం పెడితే ఇంట్లో పెద్దవాళ్ళు బాధపడొచ్చు, కాబట్టి దాని పోకడ తీసుకుని వేరే తోరణం కట్టండి. ఆ పోకడ ఏంటంటే, రెండు పక్కల స్తంభాలు ఒకేలా ఉండవు, మధ్యలో కలిపే రాయి సన్నగా ఉంటుంది.

శిలాతోరణం క్వార్ట్‌జైట్ రాయి. పొరలు పొరలుగా అడ్డంగా పేరుకుంది, అక్కడక్కడ నిలువు పగుళ్ళు, అంచులు పదునుగా ఉంటాయి. చిత్తూరు వైపు వెళ్తే కనిపించే గుండ్రటి బండల గుట్టలు గ్రానైటు, వాటి తీరే వేరు. రెండూ ఒకే కొండలో కలిపేస్తే చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా అనిపిస్తుంది.

పొరల కొండకు గట్టి ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీటు దొరికితే అదృష్టమే, లేకపోతే పాత ప్యాకింగ్ థర్మోకోల్. అంచులు కట్టర్‌తో తిన్నగా కోయకండి, చేత్తో విరవండి, విరిగిన అంచే రాయిలా ఉంటుంది. ఒక్కో పొరను కాస్త ముందుకో వెనక్కో జరుపుతూ ఫెవికాల్‌తో పేర్చి, లోపల ఊదుబత్తి పుల్లలు గుచ్చండి. పైన సన్నటి కలుపురాయికి లోపల తీగ తప్పనిసరి. అల్యూమినియం ఫాయిల్‌ను ఉండగా నలిపి ఎక్స్‌పీఎస్ మీద నొక్కుతూ దొర్లిస్తే రాతి గరుకు వచ్చేస్తుంది. తర్వాత ఫెవికాల్, నల్లరంగు, నీళ్ళు, జల్లించిన సన్నటి ఇసక కలిపి మొత్తం పూయండి. ఈ పూత పడకముందు స్ప్రే డబ్బా గానీ ఫెవిక్విక్ గానీ దగ్గరికి రానివ్వొద్దు, రెండూ ఫోమ్‌ను కరిగించేస్తాయి.

ఆ నలుపే కొండకు నీడ. దాని మీద ముదురు గోధుమరంగు, పగుళ్ళలోకి పోకుండా పైపైన. తర్వాత డ్రై బ్రష్: వెడల్పాటి పాత బ్రష్షుకు ఎర్రమట్టి రంగు అద్ది, దాదాపు అంతా గుడ్డకు తుడిచేసి, మిగిలినదాన్ని రాతి అంచుల మీద తేలిగ్గా తాటించండి. ఆ తర్వాత పసుపుమట్టి రంగు, చివర్లో దానికే తెలుపు కలిపి పై అంచులకు మాత్రమే. పనిలో పనిగా కపిలతీర్థం దగ్గర నిలబడి కొండచరియ చూసి రండి. వాననీళ్ళు కారేచోట పైనుంచి కిందికి నల్లటి చారలుంటాయి, పల్చటి నలుపుతో అవి రెండు మూడు గీస్తే కొండకు వయసొచ్చేస్తుంది.

పచ్చదనానికి కొబ్బరి పీచు ముక్కలు ఎండుగడ్డి, రంగు కలిపిన రంపపుపొట్టు పచ్చగడ్డి, వాడేసిన టీపొడి కడిగి ఎండబెడితే రాలిన ఆకులు. టీపొడిలో ఏమాత్రం తడి ఉన్నా బూజు పడుతుంది. చెట్లు మాత్రం అందరూ చిన్నగా చేస్తారు. పది మీటర్ల ఎర్రచందనం చెట్టు ఈ కొలతలో దాదాపు 17 సెంటీమీటర్లు ఉండాలి. ఎండుకొమ్మ మీద ఫెవికాల్, మెత్తటి మట్టి కలిపిన ముద్ద పూసి, ఆరేలోపు సూదితో అడ్డంగా నిలువుగా గీస్తే ఆ నల్లటి పగుళ్ళ బెరడు వస్తుంది.

అన్నీ ఆరాక మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని వార్నిష్) కొట్టాలి, అదీ పొడిగా ఉన్న రోజే, లేకపోతే నల్లరంగు మీద తెల్లటి పొర దిగుతుంది. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో బొమ్మలు తీసుకెళ్ళే వాళ్ళు అడుగున 5 మిల్లీమీటర్ల చిన్న అయస్కాంతం ఫెవిక్విక్‌తో అంటించి ఇనుప బిస్కెట్ డబ్బాలో నిలబెట్టుకోండి. స్టీలు డబ్బా అయితే అయస్కాంతం అంటుకుంటుందో లేదో ముందే చూసుకోండి, చాలా స్టీలు డబ్బాలకు అంటుకోదు.