ఏజెన్సీ కొండల్లో బండ్ల గుంపుతో క్యాంపింగ్: వాకీటాకీలో మాట తెగకుండా వెళ్లడం ఎలా?

అయిదు బండ్లు, పన్నెండు మంది, ఒక వాట్సాప్ గ్రూపు. ప్లానింగ్ అంటే ఇంతే అనుకుని బయల్దేరేవాళ్లే ఎక్కువ. నర్సీపట్నం దాటి చింతపల్లి వైపు ఘాట్ ఎక్కేసరికి ఫోన్లలో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోతాయి. లైవ్ లొకేషన్ అరగంట కిందటి చోటే చూపిస్తూ ఉంటుంది. ముందు బండి లంబసింగిలో టీ తాగుతుంటే, చివరి బండి ఏదో కాఫీ తోటలో మట్టి దారి చివర ఇరుక్కుని హారన్ కొడుతూ ఉంటుంది. ఇలాంటి వాళ్లను వెతకడానికి వెళ్లి వెళ్లి విసుగొచ్చి రాస్తున్నాను.

లంబసింగి, చింతపల్లి, పాడేరు ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నా, ఏ కొండ ప్రాంతానికైనా ఇదే పద్ధతి.

1. చోటు, మనుషులు, బండ్లు

డిసెంబర్, జనవరి మంచి కాలం. వానాకాలంలో వద్దు, వాగులు చెప్పి రావు. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా టెంటు వేయడం నేరం, టైగర్ రిజర్వు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊరి పెద్దల్ని అడిగి, వాళ్లు చూపించిన ఖాళీ పొలంలోనో, క్యాంపింగ్ నడిపేవాళ్ల స్థలంలోనో దిగండి. ఆ రోజుల్లో కాఫీ పళ్లు కోసి కళ్లాల్లో, ఇళ్ల ముందు ఆరబెట్టుకుంటారు. చదునుగా ఉంది కదా అని వాటి మీద టైరు ఎక్కించిన మహానుభావుల్ని చూశాను. ఏడాది కష్టం అది.

అయిదు బండ్లకు మించకూడదు. ఆరోది వస్తానంటే రెండు గుంపులు చేయండి. అన్నీ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేవి) కాకపోయినా, మొదటిదీ చివరిదీ కచ్చితంగా అయి ఉండాలి. బాగా నడిపేవాళ్లిద్దర్నీ ఆ రెండు బండ్లలో పెట్టండి, కొత్తవాళ్లు మధ్యలో. అందరికన్నా బాగా నడిపేవాడు ముందుండాలని అంటారు. నేను ఒప్పుకోను, వాడు చివర ఉండాలి. ఇరుక్కున్న బండి ఎప్పుడూ వాడి కళ్ల ముందే ఉంటుంది.

2. సామాను

బండి లాగే తాడు, దాన్ని బండికి తగిలించే రెండు షాకిల్స్ (ఇనుప కొక్కేలు), పార, టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్, టైర్ ప్రెషర్ గేజ్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, తలకు పెట్టుకునే లైట్లు, మనిషికి రోజుకు అయిదు లీటర్ల నీళ్లు. చలికి మంచి రగ్గులు, లంబసింగి చలిని హైదరాబాద్ చలితో పోల్చుకోవద్దు. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేలా మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. తిండి పులిహోర, ఉప్మా చాలు. కొండ మీద బిర్యానీ వండుతామనే బృందంతో నేను వెళ్లను. వాళ్లు రాత్రి పదకొండింటికి కూడా ఉల్లిపాయలు వేయిస్తూనే ఉంటారు.

మట్టి దారి మొదలయ్యేచోట టైర్లలో గాలి తగ్గించండి. మామూలుగా 32 పీఎస్ఐ ఉంచే బండికి 22 చేస్తే పట్టు బాగుంటుంది, కుదుపూ తగ్గుతుంది. బండి లాగేటప్పుడు తాడుకు దరిదాపుల్లో ఎవరూ నిలబడొద్దు.

3. వాకీటాకీ సెట్లు కొనేముందు

ఇక్కడ చట్టం తెలుసుకోకుండా డబ్బు తగలేసేవాళ్లు చాలామంది. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోదగ్గ వాకీటాకీలు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసేవి. వాటికి టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం పరికరం రకాన్ని చూసి ఇచ్చే ఈటీఏ అనే ఆమోదం ఉండాలి. మామూలు జనం వాడుకునే 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండ్‌కూ 2005 నుంచి లైసెన్స్ మినహాయింపు ఉంది కానీ, దానికి కావాల్సిన పొడవాటి యాంటెనా, ఆ గోలా మన గుంపుకు అనవసరం. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే అయిదు వాట్ల సెట్లు ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకోవచ్చని గొప్పగా రాస్తారు. సరిగ్గా అందుకే అవి లైసెన్స్ లేనివాళ్లకు పనికిరావు. అనుమతి లేని వాకీటాకీల ఆన్‌లైన్ అమ్మకాలను అడ్డుకోవడానికి కేంద్రం 2025లో మార్గదర్శకాలు కూడా తెచ్చింది.

అమెరికా నుంచి బావగారు తెచ్చిన జత సెట్ల సంగతి. అక్కడ మామూలు జనం వాడే ఎఫ్ఆర్ఎస్, జీఎంఆర్ఎస్ అనే రెండు రకాల సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. అక్కడ జీఎంఆర్ఎస్‌కు పరీక్ష లేదు, 35 డాలర్లు కడితే పదేళ్ల లైసెన్స్, ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు. యూటాలోనో కొలరాడోలోనో జీపులేసుకుని తిరిగే మనవాళ్లకు అంతకన్నా మంచిది లేదు. కానీ ఆ సెట్టు ఇక్కడ ఆన్ చేయకూడదు. శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసేజ్ పరికరం అసలే వద్దు. అనుమతి లేకుండా వాటిని తెచ్చి విమానాశ్రయాల్లో పట్టుబడిన విదేశీయులు ఉన్నారు.

హ్యామ్ లైసెన్స్ (సరదాకి రేడియో నడిపేవాళ్లకు ఇచ్చేది) తీసుకుంటే బాగా దూరం మాట్లాడొచ్చు. పన్నెండేళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాయొచ్చు. అయితే గుంపులో ఒక్కరికి ఉంటే లాభం లేదు, మాట్లాడే ప్రతి ఒక్కరికీ ఉండాలి.

అందరూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ కొనండి. బండికి ఒకటి, గుంపుకు ఒకటి అదనం. యూఎస్‌బీతో చార్జ్ అయ్యేవి తీసుకుంటే బండిలోనే పెట్టుకోవచ్చు.

4. అసలు పని: మాట అందకపోతే ఏం చేయాలో ముందే అనుకోవడం

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. గుంపులు చెదిరిపోయేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

ముందు ఈ సెట్ల బలమెంతో తెలుసుకోవాలి. వీటి పవర్ అర వాట్ మాత్రమే. డబ్బా మీద ఎనిమిది కిలోమీటర్లని రాసి ఉంటే, అది ఒక కొండ శిఖరం నుంచి ఇంకో శిఖరానికి. ఈ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, అడ్డం వచ్చిన కొండను దాటలేవు. ఘాట్‌లో ఒకే కొండవాలు మీద పైమలుపులో ఉన్న బండి, కిందిమలుపులో ఉన్న బండి హాయిగా మాట్లాడుకుంటాయి. అదే ముందు బండి కొండ ముక్కు చుట్టి అవతలికి వెళ్లిందంటే అర కిలోమీటరుకే గరగర మొదలవుతుంది. కాబట్టి "రేంజ్ ఎంత?" అనేది తప్పు ప్రశ్న, "మధ్యలో ఏముంది?" అని అడగండి.

బండి ఇనుప ఒళ్లు కూడా అడ్డే. సెట్టును డాష్‌బోర్డు మీద పడుకోబెట్టి మాట్లాడితే సగం బలం అక్కడే పోతుంది. కిటికీ దగ్గర, యాంటెనా నిటారుగా పెట్టి పట్టుకోవాలి. ఇంకా అందకపోతే దిగి నిలబడండి. దిగాక కూడా గరగరే వస్తుంటే ఒక్క అడుగు పక్కకు జరిగి మళ్లీ ప్రయత్నించండి. ఈ తరంగం పొడవు 67 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. చుట్టూ ఉన్న రాళ్లకు, బండ్లకు తగిలి తిరిగొచ్చే తరంగాలు ఒకచోట ఒకదాన్నొకటి చంపుకుంటే, అడుగు దూరంలో కలిసి బలపడతాయి. చేతిలో సెట్టుతో అటూ ఇటూ అడుగులేస్తున్న మనిషిని చూసి నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి.

తర్వాత ప్రైవసీ కోడ్‌ల గొడవ. సెట్టులో చానెల్‌తో పాటు ప్రైవసీ కోడ్ అని ఒక అంకె ఉంటుంది. పేరు చూసి మన మాటలు ఎవరికీ వినపడవనుకుంటారు. అది వినేవాళ్లను ఆపదు. మన సెట్టులో ఆ కోడ్ లేని మాటల్ని మూసేస్తుంది, అంతే. అయిదు సెట్లలో నాలుగింటికి కోడ్ పెట్టి ఒకదానికి మరిచిపోయారనుకోండి. ఆ ఒక్కడికి అందరి మాటలూ వినపడతాయి, వాడి మాట మాత్రం ఎవరికీ వినపడదు. "వాడు జవాబివ్వడం లేదు, పొగరు" అని అందరూ తిట్టుకుంటుంటే వాడు అన్నీ వింటూ గొంతు చించుకుంటుంటాడు. అందుకని నా గుంపులో కోడ్ సున్నా. ఊళ్లో పిల్లల సెట్ల మాటలు మధ్యలో వచ్చినా సరే.

ఇది పట్టుకోవడానికి ఘాట్ ఎక్కకముందే పరీక్ష చేయాలి. నర్సీపట్నంలో పెట్రోలు కొట్టించుకున్నాక, పక్కపక్కన నిలబడి "హలో హలో" అనుకుని సరిపెట్టుకోకండి. చివరి బండి ఒక కిలోమీటరు వెనక ఆగాలి. ప్రతి బండీ ప్రతి బండితో మాట్లాడాలి. లీడ్ బండితో, అంటే మొదటి బండితో, అందరూ మాట్లాడితే చాలదు. రెండోదానికి నాలుగోది వినపడుతుందా? అయిదోదానికి మూడోది? పది నిమిషాల పని ఇది. ఆ పది నిమిషాలకు విసుక్కునేవాడిని వెనక్కి పంపేయండి.

మాట్లాడే తీరు కూడా అక్కడే అనుకోండి. పేర్లు వద్దు, అంకెలు. "మూడో బండికి ఒకటో బండి" అని, ముందు మీరు ఎవర్ని పిలుస్తున్నారో వాళ్ల అంకె, తర్వాత మీ అంకె. బటన్ నొక్కి, ఒక క్షణం ఆగి, అప్పుడు మాట్లాడాలి. లేకపోతే మొదటి ముక్క తెగిపోతుంది. "ఆగొద్దు" అన్నది "గొద్దు" అని వినపడితే అవతలివాడు ఏమనుకోవాలి? అందుకే చేయకూడనిది చెప్పకండి, చేయాల్సింది చెప్పండి: "పదండి", "ఆగండి". విన్నవాళ్లు విన్నదాన్ని తిరిగి చెప్పాలి. సెట్టు డ్రైవర్ చేతిలో ఉండకూడదు, పక్క సీట్లో మనిషి చేతిలోనే ఉండాలి. పాటలు, జోకులు క్యాంపుకు చేరాక.

ఇంకో పీడ, బటన్ ఇరుక్కుపోవడం. సెట్టు తొడ కిందకో, సీటు సందులోకో జారి బటన్ నొక్కుకుపోతుంది. ఇక చానెల్ అంతా వాళ్ల స్టీరియో పాటలూ, చిప్స్ పాకెట్ చప్పుడూ. వాళ్లకు మాత్రం ఎవరి మాటా వినపడదు, చెబుదామన్నా దారి లేదు. కాబట్టి రెండో చానెల్ ఒకటి ముందే అనుకోండి: రెండు నిమిషాలు ఇలా సాగితే మిగతావాళ్లంతా దానిలోకి మారిపోవాలి, ఆ బండికి దగ్గర్లో ఉన్నవాళ్లు లైట్లు కొట్టి ఆపాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన నియమం. దీనికి సెట్టే అక్కర్లేదు. మీ వెనక బండి మీ బాధ్యత, మీ ముందు బండి కాదు. అందరూ ముందువాడిని అందుకోవాలని చూస్తారు, గుంపు తెగేది అందుకే. అద్దంలో వెనక బండి కనపడకపోతే నెమ్మదించండి. అయినా రాకపోతే ఆగండి. మీరు ఆగితే మీ ముందువాడికి మీరు కనపడరు, వాడూ ఆగుతాడు. అలా ఒక్క మాట మాట్లాడకుండానే లీడ్ బండి దాకా అందరూ ఆగిపోతారు. దారి చీలిన ప్రతిచోటా వెనక బండి మలుపు తిరగడం కళ్లతో చూశాకే కదలాలి. "వాడికి దారి తెలుసులే" అన్నది ఒప్పుకోవద్దు.

అయినా ఒక బండి తప్పిపోయిందనుకోండి. తప్పిపోయినవాళ్లు కదలకూడదు. ఒంటరిగా ఏదైనా చీలిక దాటి వచ్చేశామని అనుమానం వస్తే, ఆ చీలిక దగ్గరకు తిరిగెళ్లి అక్కడే ఉండాలి. గడియారం చూసుకుని, సరిగ్గా గంట అయినప్పుడూ, మళ్లీ దాని మీద అరగంటకూ అందరూ ఇంజన్లు ఆపి అయిదు నిమిషాలు సెట్టు వినాలి, తప్పిపోయినవాళ్లు ఆ సమయంలోనే ఎత్తయిన చోటెక్కి పిలవాలి. రోజంతా అరుస్తూ ఉంటే బ్యాటరీ అయిపోతుంది తప్ప ఫలితం ఉండదు. మొదటి బండికి అందని మాట మధ్య బండికి అందొచ్చు, విన్నవాళ్లు ముక్క మార్చకుండా ముందుకు చేరవేయాలి. "బాగానే ఉన్నార్ట" అని సొంత కవిత్వం కలపొద్దు.

వెతకడానికి వెనక్కి వెళ్లేది ఒకే ఒక్క బండి, ఇద్దరు మనుషులతో. అది ఎవరిదో కూడా బయల్దేరేముందే తేల్చుకోవాలి. అందరూ తలో దిక్కూ వెళ్తే ఒక బండికి బదులు అయిదు బండ్లు తప్పిపోతాయి. రెండు గంటలు గడిచినా జాడ లేకపోతే, సిగ్నల్ ఉన్న చోటికి ఒకర్ని పంపి 112కు ఫోన్ చేయించండి, దెబ్బలు తగిలాయని తెలిస్తే 108కి. దారిలో కనిపించిన ఊరివాళ్లను అడగడం అన్నిటికన్నా త్వరగా పని చేస్తుంది. ఏ దారిన ఏ బండి పోయిందో వాళ్లకు తెలియకుండా ఉండదు.

ఈ నియమాలన్నీ ఒక కాగితం మీద రాసి ప్రతి బండి డాష్‌బోర్డుకు అంటించండి. గ్రూపులో మెసేజ్ పెడితే ఎవరూ చదవరు.

5. క్యాంపులో, తిరుగు ప్రయాణంలో

నాలుగింటికల్లా చేరాలి. డిసెంబర్‌లో అక్కడ అయిదున్నరకే చీకటి పడడం మొదలవుతుంది, చీకట్లో టెంటు వేయడం కొత్తవాళ్లకు చేతకాదు. టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉంచండి, రాత్రి తిరిగే కట్లపాము వెచ్చదనం కోసం లోపలికి రావచ్చు. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోండి. మంట వేస్తే నీళ్లు పోసి, చేత్తో తాకి చూశాకే పడుకోండి. సెట్లన్నీ చార్జింగ్‌కు పెట్టండి, ఒక్కటి మాత్రం ఆన్‌లో ఉంచండి. నీళ్లకో, కట్టెలకో వెళ్లేవాళ్ల చేతిలో ఇంకొకటి ఉండాలి.

దిగేటప్పుడు మొదటి గేరు, ఫోర్ బై ఫోర్ అయితే లో రేంజ్‌లో (బండిని మెల్లగా, బలంగా నడిపే అమరిక), బ్రేకు మీద కాలు తక్కువ. తారు రోడ్డు రాగానే టైర్లలో గాలి మళ్లీ నింపాలి. తగ్గించిన గాలితో ఎనభైలో పోతే టైరు వేడెక్కి పగులుతుంది. కంప్రెసర్ ఒక్కటే ఉంటే లీడ్ బండితో మొదలుపెట్టొద్దు. వాడికి గాలి నిండగానే "మీరు రండి, నేను నర్సీపట్నంలో టిఫిన్ ఆర్డర్ చేస్తా" అని వెళ్లిపోతాడు, కంప్రెసర్ కూడా వాడి డిక్కీలోనే ఉంటుంది.