పూఎర్ టీ మొదటిసారి ఎలా తాగాలి?

ఆఫీసు పని మీద చైనా వెళ్లొచ్చిన మా రూమ్మేటు కాగితంలో చుట్టిన పిడక లాంటిది ఒకటి చేతిలో పెట్టి "టీ రా" అన్నాడు. నేను మామూలుగానే పాలు, పంచదార వేసి ఐదు నిమిషాలు మరిగించాను. గోనెసంచి ఉడకబెట్టినట్టు వచ్చింది. తప్పు నాదే.

ఇది పూఎర్, చైనాలోని యునాన్ ప్రాంతపు టీ. ఆకును ఎండబెట్టి, ఆవిరి పట్టి, బిళ్లలుగా నొక్కుతారు, ఒక్కోటి మామూలుగా 357 గ్రాములు. రెండు రకాలుంటాయి: పచ్చిది (షెంగ్) ఏళ్ల తరబడి దానంతటదే ముదురుతుంది, మాగబెట్టింది (షోవు) తడిపి కుప్పపోస్తే నెలా రెండు నెలల్లో పులుస్తుంది, ఈ పద్ధతి 1973లో యునాన్ రాజధాని కున్మింగ్‌లో మొదలైంది. కొత్తవాళ్లు షోవుతో మొదలుపెట్టండి, కొత్త షెంగ్ చేదుగా ఉంటుంది.

ముందు మొద్దు చాకును బిళ్ల అంచున అడ్డంగా దూర్చి పొరలుగా విడదీయండి (చాకు మొన అరచేతి వైపు ఉండకూడదు, నాకు తెగింది). అగ్గిపెట్టెలో పావు వంతు, అంటే ఐదు గ్రాములు, 100 మి.లీ. నీళ్లకు సరిపోతుంది.

బోరు నీళ్లు వద్దు, టీ చప్పబడి పైన తెట్టు కడుతుంది, క్యాను నీళ్లే వాడండి. బాగా తెర్లాలి. బెంగళూరు ఎత్తు మీద ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అది చాలు.

మొదటి నీళ్లు పోసి పది సెకన్లలో పారబోయండి. మళ్లీ పోసి, పది సెకన్లకే వడగట్టి తాగండి. అదే ఆకు ఆరేడు సార్లు వస్తుంది, పోనుపోను కాస్త ఎక్కువసేపు ఉంచాలి.

మొదటి కప్పు ముక్కు దగ్గర పెడితే వానకు తడిసిన అటక వాసన. అక్కడే ఆపేయకండి. మూడో కప్పు చూడ్డానికి ఫిల్టర్ డికాక్షనంత నలుపు, కానీ చేదు లేదు, పలచటి గంజిలా గొంతులోకి జారిపోయింది, మింగిన కాసేపటికి నాలుక వెనక తాటిబెల్లం లాంటి తీపి తగిలింది. పాలు పోసుంటే ఇది దొరికేదా? రాత్రి మాత్రం తాగకండి, నిద్ర పట్టదు.

మిగిలిన బిళ్లను ఆ కాగితంలోనే చుట్టి, ఎండ, తేమ తగలని చోట పెట్టండి. వంటింటి అలమరలో వద్దు. రెండు వారాలు పెట్టిన పాపానికి మాది ఇప్పుడు సాంబారు పొడి వాసనేస్తోంది.